భుజం మీద దూదిపీచు

ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే చప్పట్ల మేస్త్రి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాల్సిందే. ఆగకపోతే వాళ్ళమ్మ ఊరుకోదు. ఆవిడ పొయ్యి దగ్గరున్నా, మంచం మీదున్నా, "ఒరేయ్, ఆగరా" అంటూ మోకాళ్ళు పట్టుకుని మరీ వస్తుంది. వచ్చి, అతని ఎడమ భుజం మీంచి రెండు వేళ్ళతో ఏదో ఏరుతుంది. ఏరినదాన్ని "ఉఫ్" అని గాల్లోకి ఊదుతుంది. తర్వాత ఆ భుజాన్ని అరచేత్తో సర్ది, "ఊఁ, ఇక వెళ్ళు" అంటుంది. అక్కడ ఏమీ ఉండదు. ఇస్త్రీ చొక్కా మీద ఏముంటుంది, నా మొహం! ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కొడుక్కీ తెలుసు, కోడలికీ తెలుసు. అయినా ఒక్కరోజు కూడా ఆ పని ఆగలేదు.

ఆ అలవాటు మేస్త్రి కోసం పుట్టింది కాదు. వాళ్ళ నాన్న నూలు మిల్లులో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చాడంటే జుట్టులో, కనుబొమల మీద, భుజాల మీద అంతా దూదిపీచు. "మిల్లు మొత్తం ఇంట్లోకి మోసుకొస్తావేంటయ్యా" అని ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, ఒక్కో పీచూ ఏరి, ఊది, భుజం సర్ది అప్పుడు లోపలికి రానిచ్చేది. ఆయన దొరబాబులా నిలబడి చేయించుకునేవాడు. ఆ పీచే చివరికి ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ని తీసుకుపోయింది. చాన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి పోయాడేమో, ఇంటికి తెచ్చేసరికి ఒంటి మీద ఉతికిన తెల్ల చొక్కా. నలుసు కూడా లేదు. చుట్టాలందరూ ఆవిడ మొహంకేసే చూస్తున్నారు. "ఏడవ్వే తల్లీ, లోపల దాచుకుంటే గుండె పగిలిపోతుంది" అని మేనత్త ఒకటే పోరు. ఆవిడ ఏడవలేదు. వంగి, ఆయన భుజం మీంచి ఏదో ఏరింది, ఊదింది, అరచేత్తో సర్దింది. అంతే. అప్పటికి బడికెళ్ళే వయసు మన మేస్త్రికి. ఆ ఇంట్లో అంతకుమించిన ఏడుపు లేదని వాడికి అర్థమైపోయింది. ఆ మర్నాటి నుంచి ఆ చెయ్యి వాడి భుజం మీదికి వచ్చింది.

ఇక చప్పట్ల మేస్త్రి అనే ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే మీరు నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుంటారు. అతను మొదట ఒక పెద్ద ఆడిటోరియంలో కుర్చీలు వేసేవాడు. ఒకసారి ఎవరో హాస్యగాళ్ళు వచ్చి స్టేజీ మీద నానా తంటాలు పడుతుంటే హాల్లో ఒక్కడూ నవ్వడం లేదు. వెనక కుర్చీలు సర్దుతున్న మనవాడికి జాలేసి పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని పక్క వరసవాళ్ళు నవ్వారు, వాళ్ళని చూసి ముందువాళ్ళు నవ్వారు, చివరికి హాలంతా ఊగిపోయింది. టీవీ చానెల్ వాళ్ళు ఆ రోజే అతన్ని పట్టుకుపోయారు. అప్పటి నుంచి వాళ్ళు ఏ అవార్డుల పండగ చేసినా, కెమెరాలకు కనబడకుండా స్టేజీ కింద నిలబడి జనాన్ని ఆడించేది ఇతనే. అరచెయ్యి పైకి లేపితే అందరూ లేచి నిలబడాలి. గుప్పిట మూస్తే టక్కున ఆపేయాలి. వేలు కంటి కింద పెట్టుకున్నాడంటే కళ్ళు తుడుచుకోవాలి. సినిమావాళ్ళకీ, పాటలవాళ్ళకీ, వంటలవాళ్ళకీ అందరికీ అవే చప్పట్లు, అవే కన్నీళ్ళు. ఎవరికీ నష్టం లేదు గనక అతనికీ ఏ బాధా లేకుండా సాగిపోయింది.

వాళ్ళమ్మ మాత్రం ఒక్క ప్రోగ్రామూ చూసేది కాదు. "ఎవరో ఎవరికో ఇచ్చుకుంటారు, మధ్యలో నీ గోలేంట్రా? చప్పట్లు కొట్టించడం కూడా ఒక పనేనా?" అని తీసిపారేసేది. అందుకే ఆ ఏడాది చానెల్ వాళ్ళు సైనికులకు పురస్కారాలు ఇస్తున్నారని తెలియగానే అతను పరిగెత్తుకొచ్చి మొట్టమొదట ఆవిడకే చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరగడం ఆపి కొడుకుని చూసింది.

"యుద్ధానికెళ్ళే పిల్లలకా?"

"అవునమ్మా. పోయినవాళ్ళ తల్లులు కూడా వస్తారు."

"అయితే గట్టిగా కొట్టించరా. చేతులు నొప్పిపుట్టాలి ఒక్కొక్కడికి. ఇది నేను చూస్తాను."

మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అమ్మ చూస్తానన్న మొదటి ప్రోగ్రాం. ఆగుతాడా? పక్కింటి పిన్నిగారికి చెప్పాడు, ఇస్త్రీ అతనికి చెప్పాడు, చెప్పులు కుట్టేవాడికి కూడా చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికొచ్చేయండి, మా అమ్మతో పాటు కూర్చుని చూడండి అన్నాడు. అనకుండా ఉండి ఉంటే ఎంత బావుండేది!

రికార్డింగ్ మాత్రం నాలుగు రోజుల ముందే జరిగింది. స్టేజీ మీద ఒక పక్క సిమెంటు కంపెనీ బోర్డు, ఇంకో పక్క ప్రాణాలు పోగొట్టుకున్న ఒక కుర్రాడి నిలువెత్తు ఫోటో, యూనిఫాంలో నవ్వుతూ. ఒక్కో పురస్కారానికి ఒక్కో ఫోటో మారుస్తారన్నమాట. ఆ కుర్రాడి తల్లి ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. సన్నగా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మేస్త్రి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. ముసలాళ్ళంటే అతనికి మొదటి నుంచీ మెత్తదనం.

"ఇది టీవీలో ఎప్పుడొస్తుంది నాయనా?" అంది ఆవిడ.

"ఆదివారమమ్మా. ఇంట్లో ఎవరైనా చూస్తారా?"

"మా కోడలు చూస్తుంది. నెలలు నిండాయి, అందుకే రాలేదు. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. 'అత్తయ్యా, మీరు అక్కడ ఏడవకండి, మీరు ఏడిస్తే నేనిక్కడ తట్టుకోలేను' అని. ఏడవనని మాటిచ్చి వచ్చాను. ఏం నాయనా, ఏడవకపోతే తప్పు పడతారా ఇక్కడ?"

"భలేవారే! మిమ్మల్ని ఎవరు అడుగుతారమ్మా? హాయిగా ఎక్కండి, తీసుకోండి, దిగండి. మిగతాది నాకొదిలేయండి" అన్నాడు మేస్త్రి. వినండి, ఈ మాట అన్నది అతనే. ఎవరూ బలవంతంగా అనిపించలేదు.

ఆవిడ వంతు వచ్చింది. పోయిన కుర్రాడి గురించి వీడియో వేశారు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. ఆవిడ మెట్ల మీద కాలు జాగ్రత్తగా వేసుకుంటూ ఎక్కి, రిటైరైన ఒక అధికారి చేతుల మీదుగా జ్ఞాపిక తీసుకుని, ఆయనకి నమస్కారం పెట్టి, వచ్చిన దారినే దిగి తన కుర్చీలో కూర్చుంది. మొహం నిశ్చలంగా ఉంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది మహాతల్లి. మేస్త్రి అరచెయ్యి లేపాడు, జనం లేచి కొట్టారు. అక్కడితో అయిపోవాల్సింది.

చెవిలో పెట్టుకున్న ఫోన్లో డైరెక్టర్ గొంతు వినబడింది. "ఏమీ లేదు మేస్త్రీ. ఆవిడ మొహంలో ఏమీ లేదు. హాలంతా ఏడుస్తుంటే తల్లి ఏడవకపోతే ఎలా? ఇంకోసారి ఎక్కించు."

"సార్, ఆవిడ ఏడవనని ఇంట్లో..."

"ఆ కథలన్నీ నాకొద్దు. నీవల్ల కాదంటే చెప్పు. వాళ్ళబ్బాయి ఆఖరిసారి ఇంటికి ఫోన్ చేసినప్పటి గొంతు మన దగ్గరుంది. ఆవిడ స్టేజీ మీదుండగా వేసేస్తాను. ఎందుకు ఏడవదో చూద్దాం."

మేస్త్రి ఏం చేయాలి? కాదనాలి. చెవిలోని ఆ వస్తువు తీసి అవతల పారేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి బస్సెక్కించాలి. మీరైనా నేనైనా కూర్చుని చెప్పడానికి తేలికే. అతనికి ఉద్యోగం భయం ఒకటి. దానికి తోడు ఇంకొకటుంది, అది ఇంకా సిగ్గుచేటు. జనం చేత ఏదైనా చేయించగలనని అతనికో గర్వం. ఆ గర్వమే ముందు నోరు తెరిచింది. "ఆ గొంతు వెయ్యకండి సార్. నాకొదిలేయండి, ఆవిడ ఏడవకుండానే జనాన్ని ఏడిపిస్తాను" అన్నాడు.

వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెమెరా ఆగిపోయిందని అబద్ధం చెప్పాడు.

"నేనేమైనా తప్పు చేశానా నాయనా?"

"అబ్బెబ్బే, మీరు బాగా చేశారమ్మా. ఇంకొక్కసారి ఎక్కాలి అంతే. ఏడవక్కర్లేదు. దిగేముందు మీ అబ్బాయి ఫోటో దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇదిగో, భుజం మీంచి ఇలా ఏరి, ఇలా ఊది, ఇలా సర్దండి. చాలు."

తన భుజం మీదే చేసి చూపించాడు. ఆవిడ శ్రద్ధగా చూసింది. బడిపిల్లలా తలూపి, చెయ్యి చాపి అతని భుజం మీదే చేసి చూసుకుంది. "ఇలాగేనా?" పొద్దున్నే వాళ్ళమ్మ చెయ్యి పడ్డ చోటే ఆవిడ వేళ్ళు పడ్డాయి. అయినా ఏమన్నాడో తెలుసా? "ఊదడం మర్చిపోకండమ్మా" అన్నాడు.

"ఎవరు చేస్తారు నాయనా ఇలా?"

"ఎవరూ చేయరమ్మా. ఊరికే తోచింది చెప్పాను."

ఆవిడ మళ్ళీ ఎక్కింది. ఆ అధికారి కూడా పాపం నేలచూపులు చూస్తూ ఇచ్చిన జ్ఞాపికే మళ్ళీ ఇచ్చాడు. ఆవిడ ఫోటో దగ్గర ఆగి, కొడుకు భుజం మీంచి ఏరింది, ఊదింది, అరచేత్తో సర్దింది. కంట్లో చుక్క లేదు. హాలు మాత్రం బావురుమంది. మేస్త్రి చెయ్యి కూడా ఎత్తలేదు, ఎత్తే అవసరమే రాలేదు. చెవిలో డైరెక్టర్ కేకలు: "బంగారం మేస్త్రీ, బంగారం! ఎక్కడ దొరికిందయ్యా నీకిది? ఆగు ఆగు, చెయ్యి దగ్గరగా కావాలి. ఇంకోసారి." చెయ్యి దగ్గరగా తీశారు. వేళ్ళు దగ్గరగా తీశారు. ఊదే పెదవులు దగ్గరగా తీశారు. ఆఖరికి ఆవిడని కిందికి దించారు. కుర్చీలో కూలబడి, "ఇక చాలా నాయనా?" అంది. మేస్త్రి "చాలమ్మా" అన్నాడు గానీ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. సంచీ తీసి చేతికివ్వడానికి కూడా ముఖం చెల్లక, నీళ్ళ సీసాలు సర్దుతున్నట్టు నటించాడు.

ఆ నాలుగు రోజులూ అతని అవస్థ పగవాడికి కూడా వద్దు. చానెల్ వాళ్ళు ప్రకటనలో ఆ చెయ్యే వేస్తున్నారు. గంట గంటకీ అదే ఏరడం, అదే ఊదడం. మొదటిరోజు రిమోట్ దాచాడు. మర్నాడు టీవీ వైరు పీకేసి "పాడైంది" అన్నాడు. వాళ్ళావిడ వదిలే రకమా? శనివారం రాత్రి మెకానిక్‌ని పిలిపించింది. అతను వచ్చి, ఊడిన వైరు మళ్ళీ పెట్టి, మేస్త్రిని ఎగాదిగా చూసి పోయాడు.

"ఏంటండీ మీరు? ఊరందరినీ పిలిచింది మీరే, ఇప్పుడు చూడొద్దంటున్నదీ మీరేనా?" అని ఆవిడ నిలదీసింది.

"అమ్మకి కళ్ళు మంటపెడతాయే, అంతసేపు చూస్తే."

"నా కళ్ళకేం, రాయిలా ఉన్నాయి" అంది తల్లి లోపల్నుంచి. "ఆదివారం నన్ను ముందు కూర్చోబెట్టండి. మిగతావాళ్ళు నా వెనకాల."

ఆదివారం రానే వచ్చింది. పక్కింటి పిన్నిగారు సొంత కుర్చీ తెచ్చుకుని మరీ దిగింది. ఇస్త్రీ అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. మేస్త్రి వంటగది గడపలో, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగడం మర్చిపోయి ఉన్నాడు. టీవీలో చప్పట్లు మోగినప్పుడల్లా "ఇది మీవాడేనా? ఇదీ మీవాడేనా?" అని పిన్నిగారు అడుగుతోంది, తల్లి గర్వంగా తలూపుతోంది. ఒకసారి వెనక్కి తిరిగి, "బాగా కొట్టించావురా" అంది కూడా. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట ఆ మాట వినలేదు మేస్త్రి. వినాలని ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. తీరా విన్నాక భూమి చీలి మింగేస్తే బావుండుననిపించింది.

అంతలో ఆ తల్లి వచ్చింది తెర మీదికి. మెట్లెక్కింది, జ్ఞాపిక తీసుకుంది, ఫోటో దగ్గర ఆగింది. చానెల్ వాళ్ళు దాన్ని నెమ్మది చేసి, వెనక వయొలిన్ పెట్టి, చెయ్యి ఒకసారి, వేళ్ళు ఒకసారి, పెదవులు ఒకసారి చూపించారు. పిన్నిగారు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇస్త్రీ అతను మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి భార్య టీవీకేసి చూసి, అత్తగారికేసి చూసి, తిరిగి మొగుడికేసి చూసింది. రోజూ గుమ్మంలో చూసే మనిషి కదా, ఆవిడకి అర్థమైపోయింది.

మేస్త్రి తల్లి కదల్లేదు. ఒళ్ళో ఉన్న చేతి రెండు వేళ్ళు మాత్రం వాటంతటవే ఒకదానికొకటి అంటుకున్నాయి.

"ఒరేయ్" అంది కాసేపటికి, ఏ అనుమానమూ లేని గొంతుతో. "ఆ పిల్లాడు మిలిటరీకి వెళ్ళకముందు నూలు మిల్లులో చేశాడా?"

అబద్ధం ఆడొచ్చు. అవునమ్మా, చేశాడట అంటే ఆవిడ నమ్మేస్తుంది, పైగా ఆ తల్లి మీద ఇంకాస్త జాలిపడుతుంది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మేస్త్రి దాన్ని దాటించలేకపోయాడు.

"లేదమ్మా. నేనే చూపించాను ఆవిడకి."

"ఏం చూపించావు?"

"నాన్నకి నువ్వు చేసింది."

పిన్నిగారు ముక్కు తుడుచుకోవడం ఆపేసింది. టీవీలో మళ్ళీ అదే వేస్తున్నారు. కోడలు లేచి కట్టేసింది. అమ్మ తిడుతుందని మేస్త్రి చూశాడు. నాలుగు తిట్టి, చేతికందింది విసిరేస్తే బావుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"ఆవిడకి చెప్పావా, అది ఎవరిదో?"

"లేదు. ఎవరూ చేయరని చెప్పాను."

ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు, "నాది పోతే పోయిందిలే. ఎవరో తల్లి వాడుకుంది, పోన్లే. ఆవిడకి మాత్రం తన పిల్లాడితో తనకంటూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదరా. తల దువ్వేదో, బొత్తాం పెట్టేదో. అది చేసుకోనివ్వలేకపోయావా? ఏం చేసుకుంటావమ్మా అని ఒక్క మాట అడగలేకపోయావా? వాడి ఫోటో దగ్గర నిలబడి ఆ పిచ్చితల్లి నా మొగుడి దూది ఏరిందిరా" అంది.

మేస్త్రి ఏడ్చాడు. జనం చేత కళ్ళు తుడిపించే మనిషికి తన కళ్ళు ఎలా తుడుచుకోవాలో తెలియలేదు, టీ గ్లాసు పట్టుకునే గడపలో నిలబడిపోయాడు. పక్కింటి పిన్నిగారు చప్పుడు చేయకుండా కుర్చీ తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అతనికి ఇంకో రికార్డింగ్ ఉంది, చిన్నపిల్లల డాన్సులు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. పిలుస్తుందో లేదో అనుకుంటుండగానే, అలవాటు ప్రాణం కదా, ఆవిడ లేచి వచ్చింది. కొడుకు ఎడమ భుజం ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ చెయ్యి లేచింది. రెండు వేళ్ళూ భుజం దాకా వచ్చాయి. అక్కడ ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపోసారి, లోపలికోసారి చూసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు ఆవిడ. ఆ తర్వాత చెయ్యి కిందికి దించేసుకుంది.

"వెళ్ళరా. అక్కడేమీ లేదు" అంది.

మేస్త్రి ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాక, ఎవరూ సర్దని ఆ భుజంతోనే మెట్లు దిగాడు.